కిన్నెర ఎట్లా తయారవుతుంది?



భీమ్లా నాయక్ పాట మనందరికీ నోటికి వచ్చు. దాని మొదట్లో పాడిన దర్శనం మొగులయ్య గారు 12 మెట్ల కిన్నెర వాయిస్తారు. వారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కిన్నెర దేనితో చేస్తారని మన గదిలో అడిగితే "గిటారు లాంటిదే కదా అక్కా" అన్నారు. కాదు. అది డక్కలి వాళ్ళ వాద్యం, మా చెంచులది కూడా.

సొరకాయను తీగకే ముదరనివ్వాలి. ఎండినాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. అప్పుడు బొక్క చేసి గింజలు తీసేయాలి. అట్లాంటి బుర్రలు వెదురు బొంగు కింద కడతారు. తీగ చప్పుడు చిన్నది, బుర్ర దాన్ని పెద్దగా చేస్తుంది.

బొంగు మీద తేనె మైనంతో మెట్లు అతికిస్తారు. వెనకట మెట్లకు అలుగు పొలుసులు పెట్టేవాళ్ళు. 1972 వన్యప్రాణి చట్టం ఉన్నది కాబట్టి అలుగును ముట్టకూడదు. మైనమే ఎందుకంటే, కొంచెం వేడి చేస్తే మెట్టును జరపవచ్చు, స్వరం సరిచేయవచ్చు. కొవ్వొత్తి మైనం అతుక్కోదు, పెళుసుగా రాలిపోతుంది.

మెట్టు ఎక్కడ పెట్టాలో లెక్క ఉంది. తీగ 60 సెంటీమీటర్లు ఉంటే, వాయించే భాగం 40 మిగిలేటట్టు నొక్కితే "ప" వస్తుంది. 30 మిగిలితే పై "స". మనం సైన్సులో చదివిన పౌనఃపున్యం ఇదే. మా తాత బడికి పోలేదు, చెవితోనే పెట్టేవాడు. ఆయన పోయినాక మా పెంటలో కిన్నెర చేసేవాళ్ళు లేరు. అందుకే నాకు తొందర.

శేరిలింగంపల్లిలో బండి మీద లేత సొరకాయలే దొరుకుతాయి, అవి కూరకే. కాబట్టి నేను కడిగిన రంగు డబ్బా పెట్టాను. బొంగుకు విరిగిన బూజుకర్ర. కరెంటు పైపు వద్దు, తీగ బిగిస్తే వంగుతుంది. సైకిల్ బ్రేకు వైరు విప్పితే సన్న పోగులు వస్తాయి, అదే తీగ. మెట్లకు కొబ్బరి చిప్ప ముక్కలు బండ మీద అరగదీశాను (వంట అక్క ఇచ్చింది). 5 మెట్లు పలుకుతున్నాయి. డబ్బా గొంతు మాత్రం కీచుగా ఉంది, బుర్ర గొంతు బొంగురుగా, మనిషి లాగా ఉంటుంది.

దసరా సెలవులకు పోయేవాళ్ళు ఇంట్లో ఎండిన సొరబుర్ర ఉంటే తీసుకురండి. పగులు ఉండకూడదు. మైనం నేను తెస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని