మీకు తెలుసా? అనర్హత వేటు పడ్డాక బండి నడిపితే...

మన దేశంలో డ్రైవర్‌పై అనర్హత వేటు వేసే అధికారం కోర్టుకే కాదు, లైసెన్స్ ఇచ్చే రవాణా శాఖ అధికారికీ ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 19, 20 సెక్షన్లు ఇందుకు ఆధారం. అనర్హత గడువు ముగిసేదాకా జేబులో లైసెన్స్ కార్డు ఉన్నా చెల్లదు. అయినా బండి నడిపితే 182వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2019 సవరణకు ముందు జరిమానా గరిష్ఠంగా 500 రూపాయలే. దానికి జంకేవారు తక్కువే. అనర్హత కాలంలో కొత్త లైసెన్స్‌కు దరఖాస్తు చేయడమూ ఇదే సెక్షన్ కింద నేరం. అలా సంపాదించిన లైసెన్స్ చెల్లదు. చాలా రాష్ట్రాల వివరాలు ‘సారథి’ కంప్యూటర్ వ్యవస్థలోకి చేరడంతో పక్క రాష్ట్రానికి వెళ్లి వేటు దాచే దారి ఇరుకైంది.

అనర్హుడికి బండి ఇచ్చిన యజమానీ శిక్షార్హుడే. అసలు చిక్కు బీమాతో. అనర్హుడు నడుపుతుండగా ప్రమాదం జరిగితే పాలసీ షరతు తప్పారని కంపెనీ వాదించవచ్చు. బాధితులకు ముందు పరిహారం చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోమని కోర్టులు బీమా కంపెనీలను ఆదేశించిన సందర్భాలున్నాయి.