రైలు పట్టణంలో బహిరంగ కళ: స్థలం ఎవరిది, సొమ్ము ఎవరిది

కూడలిలో విగ్రహం నిలబెట్టాలన్నా, వంతెన గోడకు బొమ్మలు వేయించాలన్నా ముందుగా తేలాల్సింది ఆ స్థలం ఎవరిదనే సంగతి. పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ స్టేషన్ కట్టింది, ఆ వెంటనే పెద్ద వర్క్‌షాప్ పెట్టింది. తీరం వెంట వాల్తేరు వరకు అదే కంపెనీ లైను నడవడంతో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్లు పనులకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. క్వార్టర్లు, రోడ్లు, మైదానాలు, చెట్ల వరసలు అన్నీ రైల్వే ఆస్తిగానే వెలిశాయి. 2001 జనాభా లెక్కల్లో రైల్వే సెటిల్‌మెంట్‌ను విడిగా లెక్కించారు. అప్పటికే అక్కడ 88 వేలమందికి పైగా ఉన్నారు. రైల్వే హద్దు దాటితే 1954లో ఏర్పడిన మునిసిపాలిటీ పరిధి వస్తుంది. ఈ రెండింటి నడుమ ఏటా కొన్ని వారాలపాటు మైదానాలను, వీధి మలుపులను తమవి చేసుకునే పేట క్లబ్బులు ఉన్నాయి. పట్టణంలో పదిమంది కంట పడే కళ అంతా ఈ మూడు చేతుల మీదుగానే నడుస్తుంది.

రైల్వే పద్ధతి ఆఫీసు పద్ధతి. స్టేషన్‌లోనో, డివిజనల్ ఆఫీసు ముందో, కాలనీ పార్కులోనో ఏం పెట్టాలన్నా రైల్వే అధికారులే అంచనా వేసి, మంజూరు తీసుకుని, టెండరు పిలుస్తారు. కాలం చెల్లిన ఆవిరి ఇంజన్లకు రంగు వేసి స్టేషన్ల ముందు నిలబెట్టడం దేశమంతటా రైల్వేకు అలవాటు. వస్తువు సొంతమే, స్థలమూ సొంతమే కాబట్టి ఖర్చు తక్కువ. ఇటీవలి కాలంలో స్థానిక చిత్రకళను గోడలకెక్కించే పని ఊపందుకుంది. రైల్వే శాఖ 2018లో అందమైన స్టేషన్ల పోటీ ఫలితాలు ప్రకటించింది. బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లకు మొదటి బహుమతి, మధుబని, మదురైలకు రెండోది, సికింద్రాబాద్, కోటా, గాంధీధామ్‌లకు మూడోది దక్కాయి. మధుబని స్టేషన్ గోడలను వందమందికి పైగా స్థానిక చిత్రకారులు కూలి తీసుకోకుండా తీర్చిదిద్దారు. వాళ్ల ఊరి మీద ప్రేమ గొప్పదే. అయినా దాన్నే ఆనవాయితీ చేసుకోవడం సరికాదు. సిమెంటుకు, రంగు డబ్బాలకు బిల్లు చెల్లించే సంస్థ చిత్రకారుడి చేతికీ చెల్లించాలి.

1,072.5 మీటర్ల పొడవైన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, తర్వాత హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. అంత పొడవునా బొమ్మలు వేయగల చిత్రకారులకు చుట్టుపక్కల కొదవ లేదు. ఖరగ్‌పూర్ సబ్‌డివిజన్‌లోనే ఉన్న పింగ్లా బ్లాకులో నయా అనే ఊరు పటచిత్రాలు గీసే పటువాల ఊరు. వాళ్లు కథను కాగితం చుట్టమీద వరసగా గీసి, చుట్ట విప్పుతూ పాడి వినిపిస్తారు. శంఖుపూల నుంచి నీలం, పసుపు కొమ్ము నుంచి పచ్చని రంగు, దీపపు మసి నుంచి నలుపు తీస్తారు. రంగు నిలవడానికి మారేడు కాయ జిగురు కలుపుతారు. బెంగాల్ పటచిత్రానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నయాలో ఇళ్ల గోడలే చిత్రశాలలు. అయితే ఈ రంగులు ఎండకూ వానకూ ఎక్కువ కాలం ఓర్వలేవు. ఇదే చిత్రాన్ని ఆరుబయట పెద్ద గోడమీదికి తేవాలంటే బజారు రంగులు వాడాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయించాలి. ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ సంగతి అందులోకి ఎక్కాలి.

మునిసిపాలిటీ దగ్గర వెసులుబాటు తక్కువ. ఆస్తిపన్ను, రాష్ట్రం నుంచి వచ్చే గ్రాంట్లు ముందుగా జీతాలకు, మంచినీళ్లకు, చెత్తకు, మురుగుకాల్వలకు పోవాలి. కూడలి విగ్రహానికి సాధారణంగా దాతో, సంఘమో, ఏదైనా నిధి నుంచి కొంత మొత్తమో తోడవుతాయి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధి ఒక్కొక్కరికి ఏటా 5 కోట్ల రూపాయలు ఉన్నా, స్మారకాలకు దాన్ని వాడకూడదని మార్గదర్శకాలు చెబుతాయి. సుప్రీంకోర్టు 2013 జనవరి 18న ఇచ్చిన ఆదేశం ఇంకో హద్దు గీసింది. రోడ్లమీద, కాలిబాటలమీద, ప్రజావసరాలకు ఉద్దేశించిన ఇతర స్థలాల్లో కొత్తగా విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని రాష్ట్రాలను ఆదేశించింది. ఇకమీదట కళకు చోటు పార్కులు, చెరువు గట్లు, భవనాల ప్రాంగణాలే. ఖరగ్‌పూర్‌లో అలాంటి విశాలమైన ఖాళీ స్థలాలు చాలావరకు రైల్వేవి కావడంతో, మునిసిపాలిటీ ఏ ప్రణాళిక వేసుకున్నా రైల్వే సమ్మతి తప్పనిసరి.

మూడో చెయ్యి, అంటే పేట క్లబ్బులు, అన్నిటికంటే చురుకైనది. దుర్గాపూజ పండాళ్లు నాలుగైదు రోజులే నిలిచే కళ. అయినా డబ్బు, శ్రమ, చూసే జనం లెక్కన చూస్తే వీటి ముందు శాశ్వత విగ్రహాలు ఎంతో చిన్నవి. పశ్చిమ బెంగాల్‌లో దుర్గాపూజ చుట్టూ అల్లుకున్న సృజనాత్మక పనుల విలువ 2019లో 32,377 కోట్ల రూపాయలని, అది రాష్ట్ర స్థూలోత్పత్తిలో 2.58 శాతమని బ్రిటిష్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనంలో ఖరగ్‌పూర్ ఐఐటీ కూడా పాలుపంచుకుంది. కోల్‌కతా దుర్గాపూజకు 2021 డిసెంబరులో యునెస్కో గుర్తింపు దక్కింది.

పండాల్ పని నెలల ముందే మొదలవుతుంది. రథయాత్ర రోజుల్లో చాలా క్లబ్బులు తొలి గుంజకు పూజ చేస్తాయి. దాన్ని ఖుంటి పూజ అంటారు. ఆ ఏటి ఇతివృత్తం ఏదో క్లబ్బు, కళాకారుడు కలిసి తేల్చుకుంటారు. ఆ తర్వాత వెదురు, గుడ్డ, దీపాలు, ప్రతిమ, డప్పులు ఒక్కోటీ ఒక్కో గుత్తేదారుకు పోతాయి. సొమ్ము ఐదు దారుల్లో వస్తుంది. ఇంటింటికీ తిరిగి రసీదు పుస్తకం మీద వసూలు చేసే చందా పాతది. సావనీరులో ప్రకటనలు, దారి పొడవునా కట్టే తోరణ ద్వారాలపై కంపెనీల పేర్లు, అంగళ్ల అద్దెలు తర్వాత వచ్చి చేరాయి. కొత్తది ప్రభుత్వ గ్రాంటు. 2018లో ఒక్కో కమిటీకి 10 వేల రూపాయలతో మొదలై 2025 నాటికి 1 లక్షా 10 వేలకు చేరింది. విద్యుత్ చార్జీలో రాయితీ దీనికి అదనం.

కాగితాల పనీ తక్కువేం కాదు. స్థలం యజమాని సమ్మతి, పోలీసుల అనుమతి, అగ్నిమాపక శాఖ అంగీకారం, తాత్కాలిక కరెంటు కనెక్షన్ ఉండాలి. రైల్వే మైదానంలో పందిరి వేయాలంటే యజమాని సమ్మతి రైల్వే నుంచే రావాలి. తెలుగువాళ్లు కాలనీల్లో జరుపుకునే మాత పూజకూ ఇదే తిప్పలు. పూజ అయ్యాక ప్రతిమ నీళ్లలోకి, వెదురు, గుడ్డలు తిరిగి గుత్తేదారు గోదాముకు, మైదానం మళ్లీ పిల్లల ఆటలకు చేరతాయి.

ఈ పద్ధతికి ఉన్న బలం లెక్క కళ్లముందు ఉండటం. చందా ఇచ్చినవాళ్లే ఆ వీధిలో ఉంటారు, దేనికెంత అయిందో అడుగుతారు. ప్రభుత్వ సొమ్ము చేరాక ఆ అడిగే బాధ్యత కోర్టులదాకా వెళ్లింది. 2020లో కమిటీకి 50 వేల రూపాయల చొప్పున ఇచ్చినప్పుడు, అందులో 75 శాతం మాస్కులు, శానిటైజర్లకే వాడాలని కలకత్తా హైకోర్టు చెప్పింది. ఖర్చు చేసినట్టు ధ్రువపత్రాలు ఇవ్వని కమిటీలకు గ్రాంటు ఆపాలని 2025లో ఆదేశించింది. ఇలాంటి తనిఖీ మంచిదే. పండాళ్లకు లేని చిక్కు శాశ్వత కళకు ఉంది, అది నిర్వహణ. మైదానం ఖాళీ అయ్యాక దాన్ని ఎవరూ కడగనక్కర్లేదు. విగ్రహాన్ని మాత్రం ఏటా కడగాలి, పగులు పూడ్చాలి, చుట్టూ కలుపు తీయాలి.

శాశ్వత కళకయ్యే ఖర్చుకు ఒక పాత ఉపాయం ఉంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం కళకు కేటాయించడం. 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియా దీన్ని తన నిర్మాణ ఒప్పందాల్లో చేర్చింది. మన దేశంలోనూ ప్రభుత్వ భవనాలు కళాకారులకు పని కల్పించాలని నెహ్రూ కోరుకున్నారు. ఆ ఆలోచనలోంచే ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందు యక్ష, యక్షి విగ్రహాలు వచ్చాయి. ఖరగ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న బాంకురాలో పుట్టిన రామ్‌కింకర్ బైజ్ వాటిని చెక్కారు. 1950ల్లో ఒప్పుకున్న పని 1967కి గానీ పూర్తి కాలేదు. తగిన రాయి కోసమే ఎంతో వెతికి చివరికి కాంగ్రా లోయలోని బైజ్‌నాథ్ నుంచి తెప్పించారు. శాతం లెక్కన డబ్బు తీసిపెట్టడం తేలిక. పనిని ఓపికగా నడిపించే సంస్థ దొరకడం కష్టం.

అలాంటి సంస్థకు ఒక ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. అక్కడ హుస్సేన్‌సాగర్ చుట్టూ ఉన్న ప్రాంతానికి 2000లో ప్రత్యేకంగా బుద్ధపూర్ణిమ ప్రాజెక్టు అథారిటీ ఏర్పాటు చేశారు. 2008లో అది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ)లో కలిసింది. బుద్ధుడి విగ్రహం, పక్కన పార్కులు, వాటి టిక్కెట్లు ఒకే ఆజమాయిషీలో ఉండటంతో రాబడి అక్కడి నిర్వహణకే తోడ్పడుతుంది. ఖరగ్‌పూర్ అంత పెద్ద సంస్థను మోయలేదు. అయినా రైల్వే డివిజన్, మునిసిపాలిటీ కలిసి స్థలాల జాబితా ఒకటి, ఏ పని ఎవరు చూసుకోవాలో చెప్పే ఒప్పందం ఒకటి రాసుకోవచ్చు. నయా చిత్రకారుల కూలి, మళ్లీ రంగు వేయించే గడువు, విరాళాలకు విడిగా బ్యాంకు ఖాతా, ఏడాదికోసారి వార్డులో చదివి వినిపించే లెక్క, ఇవన్నీ అందులో ఉండాలి. చందా రసీదు పుస్తకాన్ని తరతరాలుగా నడుపుతున్న పేటలకు ఈ లెక్క చూడటం కొత్తేమీ కాదు.