బావులపై నిలిచిన ప్రార్థనామందిరము

తాడిమర్రి రైతునకు బావి యనిన నీటికొఱకు త్రవ్వునది. చిత్రావతి యెండినయేట అతని యాశయంతయు దానియందే. బావులమీద మందిరము నిలుపవచ్చునని చెప్పిన నతడు నవ్వును. అట్టి మందిరమొకటి చెన్నపట్టణమున రెండువందల యేండ్లకు పైబడి నిలిచియున్నది. ఎగ్మూరు రైలునిలయమునకు సమీపముననున్న సెయింటు ఆండ్రూసు చర్చియే యది.

స్కాట్లండు దేశపు ప్రెస్బిటీరియను శాఖవారి కొఱకు ఇది కట్టబడినది. ఆ శాఖలో బిషప్పు లుండరు. సంఘపుఁబెద్దలు గురువుతోఁ గూడి వ్యవహారములు నడపుదురు. గ్రామపంచాయతి నెఱిగిన మనవారికిది వింతగాఁ దోపదు. 1813 నాటి చార్టరు పిమ్మట కంపెనీవారు తమ కొలువులోని స్కాట్లండువారికై మూడు రాజధానులందును గురువులను నియమించిరి. చెన్నపట్టణమున 1818లో పునాది పడినది; 1821 ఫిబ్రవరిలో మందిరము తెఱవఁబడినది.

కట్టించినవాఁడు మేజరు డిహావిలండు. ఇతఁడు పూర్వము శ్రీరంగపట్టణమున నూఱడుగులకు మించిన యిటుకకమాను నొకదానిని నిలిపెను. అది 1937 వఱకు నుండెను. అంతటివానికిని ఎగ్మూరు బురదనేల చిక్కు తెచ్చిపెట్టినది. అప్పుడాతఁడు సీమ గ్రంథములను ప్రక్కనుంచి, ఈ దేశపు పనివారు చిరకాలముగా నెఱిగిన యుపాయమునే చేపట్టెను. కాల్చిన మట్టి ఒరను నేలపై నుంచి లోపలి మన్ను తోడుకొలఁదిని ఒర క్రిందికి దిగును. దానిపై మఱియొక యొర నుంతురు. ఇట్లు గట్టినేల దొరకువఱకు సాగును. ఈ బావులు కొన్ని 14 అడుగులు, కొన్ని 50 అడుగుల లోతునకు దిగినవి. మందిరపు బరువంతయు వానిమీఁదనే యున్నది. లేపాక్షిలో నేలనంటని స్తంభమును జూపి మురియు మనము దీనిని మఱచుట వింత.

పైరూపు లండనులోని జేమ్సు గిబ్సు పద్ధతిది. నడిమిశాల 81½ అడుగుల వ్యాసముగల వృత్తము. 16 స్తంభములు గుమ్మటమును మోయుచున్నవి. గుమ్మట మిటుకలది, సందులలో మట్టిగొట్టములను కూర్చిరి. లోపలివైపు నీలవర్ణముపై బంగరుచుక్కలు. శిఖరము 166 అడుగులకు మించును.

వ్యయము కంపెనీ బొక్కసమునుండి వచ్చినది. 1800లో నిజాము దత్తమండలమును కంపెనీపరము చేసినది మొదలు తాడిమర్రి సీమ శిస్తును ఆ బొక్కసమునకే చేరుచుండెను. ఆ శిస్తును నిర్ణయించిన కలెక్టరు మన్రో గ్లాస్గో నగరమువాఁడు. మందిరము తెఱచునాటికి చెన్నపట్టణపు గవర్నరు. మన సీమవారు నేఁటికిని ఆయన పేరు తలఁతురు, అందులకు మేమాక్షేపింపము. అయినను ఈ మందిరచరిత్ర చెప్పువారు తఱచు మేజరును, గిబ్సును మాత్రమే కీర్తించి, ఒరలు దింపు విద్యను ‘స్థానిక పద్ధతి’ యని యొక్కమాటలో దాఁటివేయుట మాకు సమ్మతము కాదు.

నేఁడీ మందిరము దక్షిణభారత సంఘములోనిది; ఆదివారములఁ బ్రార్థనలు జరుగుచునే యున్నవి. ఎగ్మూరున రైలుదిగు మన ధర్మవరము, పెనుగొండ వారు గుమ్మటపు చుక్కలను జూచినపిమ్మట, కాళ్లక్రింది బావులసంగతియు నచ్చటివారి నడుగవలయును.