ఆరాధనలో కునికిపాటు – సోమరితనమా? వ్యాధియా?



ఆదివారం వాక్యపరిచర్య మొదలై పది నిమిషాలు కాకముందే తల వాల్చే సహోదరుడు ప్రతి సంఘంలో ఒకరైనా ఉంటారు. ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లెలో, మా సంఘంలోనూ అట్టి పెద్ద ఒకరున్నారు. వయస్సు యాభై దాటింది. కానుకల లెక్కలో పైసా తేడా రానివ్వని నమ్మకస్తుడు. అయినా కూర్చుంటే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. పిల్లలు నవ్వేవారు. మేమైతే ఒకసారి ఆయనను పక్కకు పిలిచి, ప్రభువు సన్నిధిలో మెలకువగా ఉండాలని గద్దించాము. ఆ మాట అన్నందుకు నేటికీ మా మనస్సు నొచ్చుకుంటూనే ఉంది.

అప్పుడాయన తల వంచుకొని, "ఏం జేయాలె అయ్యగారూ! ఎనిమిదింటికే పండుకుంట. పొద్దుగాల లేస్తే రాత్రంతా మోట గొట్టినట్టుంటది ఒళ్లు" అన్నారు.

ఇదంతా రాత్రి కరెంటు వల్లనే అని మొదట అందరం అనుకున్నాము. వంతులవారీ కరెంటు ఉన్న రోజుల్లో అర్ధరాత్రి లేచి మోటారు వేయడానికి పొలానికి పోనివారెవరు? కాని 2018 జనవరి 1 నుండి సాగుకు 24 గంటల కరెంటు ఇచ్చారు. ఆయన రాత్రి పొలానికి పోవడం మానుకున్నారు. అలసట మాత్రం ఆయనను మానలేదు. నిద్ర చాలడం లేదేమోనని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కొని వేసుకున్నారు. ఇంకా ఎక్కువైంది. ఒకనాడు నిజాంసాగర్ కాలువ గట్టున మోపెడ్ నడుపుతూనే కునికి, పొదల్లో పడ్డారు. దేవుని కృపను బట్టి నీటిలో పడలేదు.

అప్పుడు మాకు భయం పుట్టింది. భార్యాభర్తలిద్దరినీ వెంటబెట్టుకొని కామారెడ్డికి బస్సెక్కాము.

డాక్టరుగారు ఆయనను నాలుగు ప్రశ్నలడిగి, పిమ్మట భార్య వైపు తిరిగి, "రాత్రి ఈయన ఎట్లా నిద్రపోతారమ్మా?" అని అడిగారు.

"గురక వాడకట్టంతా వినబడ్తది సార్. నడుమ నడుమ గురకాగుతది, ఊపిరే ఆడదు. నేను భయపడి తట్టి లేపుత" అన్నది ఆమె.

"రోగమేమిటో మీరే చెప్పారమ్మా" అన్నారు డాక్టరుగారు.

సంగతి ఇది. నిద్రలో గొంతు వెనుక కండరాలు సడలి, కొందరికి గాలి పోయే దారి మూసుకుపోతుంది. ఒక్కొక్కసారి 10 సెకన్లు, అంతకు మించి ఊపిరి ఆగుతుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతుంది. లేచిన సంగతి అతనికే తెలియదు. ఇట్లా గంటకు 5 సార్లు జరిగితే వ్యాధి; 30 దాటితే తీవ్రమైన వ్యాధి. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. ఉదయం తలనొప్పి, రాత్రి మాటిమాటికి మూత్రానికి లేవడం, తగ్గని బీపీ దీనికి తోడుగా రావచ్చు. నిద్ర మాత్రలు, మద్యం ఆ కండరాలను ఇంకా సడలిస్తాయి. అందుకే మాత్రలతో ఆయన స్థితి చెడింది.

హైదరాబాదులో ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించగా అది తీవ్రమైనదని తేలింది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కొలిన్ సల్లివన్ కనుగొన్న పద్ధతిలో, ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతును తెరచి ఉంచే సీప్యాప్ యంత్రం వాడమన్నారు. బరువు తగ్గమన్నారు, పక్కకు తిరిగి పడుకోమన్నారు. యంత్రం ఖరీదైనదే. మొదట అద్దెకు తెచ్చుకున్నారు.

అయితే కథ ఇంతటితో ముగియలేదు. ఆ రోజే డాక్టరుగారు భార్య కనురెప్ప దించి చూసి, "మీ సంగతేమిటమ్మా?" అన్నారు. "నాకేముంది సార్? బీడీలు చుట్టి చుట్టి యాష్టకొస్తది" అన్నది. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. నెలసరిలో అధికంగా రక్తం పోతున్నా ఏండ్ల తరబడి ఎవరికీ చెప్పుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతే. ఇనుము మాత్రలు చాయతో వేసుకోవద్దనీ, హిమోగ్లోబిన్ పెరిగాక కూడా కొన్ని నెలలు వాడాలనీ, రక్తం ఎందుకు పోతున్నదో వేరుగా చూపించుకోవాలనీ చెప్పారు.

ఒకే ఇల్లు, ఒకే అలసట, రెండు కారణాలు! గనుక పక్కింటివారి మందు మనకు పనికిరాదు.

మీ ఇంటిలో ఎవరికైనా ఇట్లా ఉంటే రెండు వారాలు ఒక నోటుబుక్కులో వ్రాయండి: పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, చాయ ఎప్పుడు తాగారు, ఏ మాత్రలు వేసుకున్నారు, పగలు ఎక్కడ కునుకు పట్టింది. గురక సంగతి పక్కన పడుకున్నవారే వ్రాయాలి. అది తీసుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి. బీపీ, హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పరీక్షలు సాధారణంగా మొదట చేస్తారు.

కల్లు సంగతి దాచవద్దు. 2025 ఏప్రిల్‌లో మన జిల్లాలోనే నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి ఎందరో ఆస్పత్రి పాలయ్యారు. కల్తీలో కలిపే అల్ప్రాజోలం మత్తు మందే. అది తెచ్చేది విశ్రాంతినిచ్చే నిద్ర కాదు. అలవాటైనవారు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చు గనుక డాక్టరు సలహాతోనే మానాలి.

పరీక్షలన్నీ బాగున్నా అలసట పోకపోతే మనస్సును కూడా చూడాలి. భర్త గల్ఫ్‌లో, అప్పు ఊర్లో ఉన్న సహోదరికి నిద్ర ఎట్లా పడుతుంది? బదరీవృక్షం క్రింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మాట్లాడింది ఆ తరువాతనే. దిగులు కూడా వైద్యం ఉన్న వ్యాధే.

త్రోయలో పౌలు ప్రసంగిస్తుండగా నిద్రపోయి మూడవ అంతస్తు నుండి పడిన ఐతుకును మీరెరుగుదురు. పౌలు ప్రసంగం ఆపి, మేడ దిగి వెళ్లాడు. మేము దిగి వెళ్లడానికి ఆలస్యం చేశాము. మీరు చేయకండి.

మా పెద్ద ఇప్పుడు ఆరాధనలో మెలకువగానే ఉంటున్నారు. మొన్న ప్రసంగం మధ్యలో ఒకరు కునుకుతుంటే ఆయనే మాతో, "అయ్యగారూ, ఏమనకుండ్రి. ఇంటికి పోయి వాళ్ల ఆడోళ్లను అడుగుదాం" అన్నారు.