తాళం ఇచ్చినవారి మీదా కేసే

“ఐదు నిమిషాలు, సందు చివరిదాకా వెళ్ళి వచ్చేస్తా. తాళం ఇవ్వు.” పండుగకు చుట్టాలు వచ్చినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు ఈ మాట మనందరం వింటూనే ఉంటాం. అడిగింది బావో, పక్కింటి అన్నయ్యో అయితే కాదనడానికి మొహమాటం. లైసెన్సు ఉందా అని అడగడానికి ఇంకా మొహమాటం. ఏదైనా జరిగితే నడిపినవారిదే కదా తప్పు అనుకుని తాళం ఇచ్చేస్తాం. చట్టం మాత్రం అలా అనుకోదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివారిని, తగిన వయసు రానివారిని యజమాని తన బండి నడపనివ్వకూడదు. నడపనిస్తే 180వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. 2019 సవరణకు ముందు ఈ జరిమానా 1,000 రూపాయలు దాటేది కాదు. లైసెన్సు లేకుండా నడిపినవారికి 181వ సెక్షన్ చెప్పే శిక్ష కూడా ఇంతే. అంటే ఇచ్చిన చేతికీ, నడిపిన చేతికీ తేడా లేదు. పైగా యజమాని ఒక్కరే కాదు, ఆ సమయంలో బండి ఎవరి అధీనంలో ఉందో వారూ జవాబు చెప్పాలి. నాన్నగారి బండి తెచ్చుకున్న అన్నయ్య దాన్ని లైసెన్సు లేని స్నేహితుడికి ఇస్తే కేసు అన్నయ్య మీదికీ రావచ్చు.

“లైసెన్సు ఉందిలే” అన్నంత మాత్రాన సరిపోదు. ఏ బండికి ఉందో చూడాలి. గేర్లు లేని స్కూటరుకు తీసుకున్న లైసెన్సుతో గేర్ల మోటారు సైకిలు గానీ, కారు గానీ నడపకూడదు.

ఇక మన వయసు వాళ్ళ సంగతి. పద్దెనిమిదేళ్ళు నిండనివారు బండి నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ వర్తిస్తుంది. తల్లిదండ్రులను లేదా బండి యజమానిని దోషిగా భావిస్తారు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దవుతుంది. నడిపిన పిల్లలకు ఇరవై ఐదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మా దృష్టిలో అన్నిటికన్నా గట్టి దెబ్బ ఈ చివరిదే. చదువు ముగించి ఉద్యోగంలో చేరే రోజుల్లో కూడా బస్సు కోసం నిలబడాల్సిందే.

“మాకు తెలియకుండా తీసుకెళ్ళాడు” అనే వాదన ఉంది. కానీ పెద్దల సమ్మతితోనే తీసుకెళ్ళారని కోర్టు ముందుగానే భావిస్తుంది. తమకు తెలియదని, తాము తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవలసింది పెద్దలే. తాళం ఫ్రిజ్ మీద పెట్టి ఊరెళ్ళినవారికి ఆ రుజువు ఎలా దొరుకుతుందో ఆలోచించండి.

జరిమానా ఒకసారి కట్టేస్తే పోతుంది. ప్రమాదంలో ఎవరైనా చనిపోతేనో, కాలూ చెయ్యీ పోగొట్టుకుంటేనో ఇవ్వాల్సిన పరిహారం అలా తీరేది కాదు, లక్షల్లో ఉంటుంది. బీమా ఉంది కదా అనుకుంటాం. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, లైసెన్సు విషయంలో యజమాని నిర్లక్ష్యం రుజువైతే, బాధితులకు బీమా కంపెనీ చెల్లించిన సొమ్మును యజమాని నుంచి తిరిగి రాబట్టుకునేలా ఆదేశించవచ్చు. బాధిత కుటుంబం వీధిన పడకూడదు కాబట్టి ఇది న్యాయమే. అయితే ఆ అప్పు తాళం ఇచ్చిన ఇంటి నెత్తిన కూర్చుంటుంది.

స్నేహితులు తరచుగా అడిగే ప్రశ్న ఇంకొకటి: ఎలక్ట్రిక్ స్కూటరుకు లైసెన్సు అక్కరలేదు కదా? మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అక్కరలేదు. అంతకు మించినవాటికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వాటికి ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటు ఉన్న బండిని నడపాలంటే లైసెన్సు కావలసిందే.