గేరుబాక్సు రొద – దాని అర్థము

పాతకాలపు మోటారుకారు గేరుబాక్సు విప్పి చూడడం శ్రమతో కూడిన పని. అయితే లోపమెక్కడుందో శబ్దమునుబట్టి ముందే చాలావరకు ఊహించవచ్చును. 1898లో లూయీ రెనో తన కారుకు అమర్చిన ఏర్పాటులో టాప్ గేరున ఇంజను శక్తి సూటిగా పోతుంది. తక్కిన గేర్లలో ప్రక్క షాఫ్టు మీదుగా పోతుంది. కనుక టాప్ గేరులో రొద తగ్గి, తక్కిన గేర్లన్నింటిలోనూ వినబడితే ప్రక్క షాఫ్టు బేరింగులను అనుమానించాలి. ఒక్క గేరులోనే వినబడితే ఆ జత పళ్ళచక్రాలు అరిగి ఉండవచ్చు. గేరు మార్చునప్పుడు మాత్రమే పళ్ళు గీరుకుంటే దోషము క్లచ్‌ది కావచ్చు. గేరు తనంతట జారిపోతుంటే దానిని పట్టివుంచే స్ప్రింగు బలహీనపడిందేమో చూడాలి.

నేడు విడవలూరు వరిచేలలో ట్రాక్టరు నడిపేవారికీ ఇటువంటి చెవి అవసరమే. విరిగిన ఒక్క పన్ను చక్రాల నడుమ పడితే మంచి పళ్ళు కూడా విరుగుతాయి.