14 మంది వేసిన కేసు.. మనీలా అఖాతం ముచ్చట

“అన్నా, మా చెరువుల మోరీ నీళ్లు కలుస్తున్నయ్. కేసేస్తే ఏమన్న అయితదా?” నాకొచ్చే ఫోన్లల్ల సగం ఇదే అడుగుతరు. నేను లా కాలేజీ మెట్లెక్కినోణ్ని కాదు, తీర్పులు చదువుకుంట చదువుకుంట నేర్చుకున్నోణ్ని. ఈ ప్రశ్నకు ఒక్క మాటల జవాబు లేదు. అందుకే ఫిలిప్పీన్స్ దేశంల జరిగిన ఒక ముచ్చట చెప్త. మనకు సముద్రం లేదు గదా అనకుండ్రి. మూసీ ఉన్నది, ఊరూరికి చెరువున్నది.

అఖాతం అంటే నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రం. మూడు దిక్కుల ఒడ్డు, ఒక దిక్కు నోరు. మనీలా నగరం గట్లాంటి అఖాతం ఒడ్డునే ఉన్నది. పాసిగ్ నదితోని పాటు చుట్టుముట్టు ఊర్ల మురుగు, చెత్త అందులకే దిగుతది. 1999 జనవరి 29న 14 మంది కలిసి ఇముస్ అనే పట్నం కోర్టుల కేసేసిన్రు. వాళ్ల ఎనుక నిలవడ్డ లాయరు ఆంటోనియో ఒపోసా. అంతకుముందు అడవుల నరికివేత మీద పిల్లల పేరుతోని కేసేసి, పుట్టబోయే తరాల తరఫున కూడ కోర్టుకు రావచ్చని 1993ల ఆ దేశ సుప్రీంకోర్టుతోని అనిపించినోడు ఆయనే.

వాళ్లు కేసేసింది ఫ్యాక్టరీల మీద కాదు, సర్కారు శాఖల మీద. నాకైతే కేసు మొత్తంల తెలివైన పని ఇదే అనిపిస్తది. మురికి చేసేటోళ్లు లక్షల మంది ఉంటరు, ఎంతమంది మీద వేస్తవ్? బాగుచేసే బాధ్యతను చట్టం ఎవని నెత్తిన పెట్టిందో వాన్నే నిలబెట్టి అడిగిన్రు. పర్యావరణం, ఆరోగ్యం, చేపల శాఖ, మురుగునీళ్ల సంస్థ, కోస్ట్ గార్డ్, బడ్జెట్ శాఖ, ఆఖరికి చదువుల శాఖ.. పదికి పైగ.

సర్కారు వకీళ్లు ఏమన్నరు? ఒకటి, ఎప్పుడన్న ప్రత్యేకంగ కాలుష్య ప్రమాదం జరిగితేనే చట్టం ప్రకారం శుభ్రం చేస్తం గానీ, మొత్తం అఖాతం కడుగుమంటే మాతోని కాదు. రెండు, చెయ్యాల్నా వద్దా అన్నది మా ఇష్టం, కోర్టు చెప్పేది కాదు. ఈ రెండో మాట మీరు కూడ మండలాఫీసుల వినే ఉంటరు. సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. పని ఎట్ల చెయ్యాలె అన్నది మీ ఇష్టం కావచ్చు, చెయ్యకుండ ఉండే ఇష్టం మాత్రం మీకు లేదన్నది.

కేసును నిలబెట్టింది వాసన గురించి చెప్పిన మాటలు కాదు, ఒక అంకె. నీళ్లు పట్టి పరీక్ష చేపిస్తే ఒక్క మిల్లీలీటర్ల మలం నుంచి వచ్చే కోలీఫాం బ్యాక్టీరియా లెక్క 50,000 నుంచి 80,000 దాక తేలింది. స్నానానికి పనికొచ్చే నీళ్లల్ల అది 100 మిల్లీలీటర్లకు 200 దాటొద్దు. ఆ కాయితం ముంగట పెట్టినంక ఎవడేం వాదిస్తడు?

కింది కోర్టు 2002ల, అప్పీలు కోర్టు 2005ల, సుప్రీంకోర్టు 2008 డిసెంబర్ 18న, మూడూ జనం దిక్కే చెప్పినయ్. అంటే దగ్గర దగ్గర పదేండ్లు. కేసేసి రేపే తీర్పు కావాలనేటోళ్లు జర ఈ లెక్క యాదిల పెట్టుకోవాలె.

ఇగ అసలు సంగతి. మాండమస్ అంటే “నీ పని నువ్వు చెయ్యి” అని అధికారికి కోర్టు ఇచ్చే హుకుం. మామూలుగ హుకుం ఇచ్చినంక ఫైలు మూస్తరు, అధికారి మళ్ల పండుకుంటడు. మనీలా కేసుల ఫైలు మూయలే. ప్రతి మూడు నెలలకోసారి ఏం చేసిన్రో రాసియ్యాలె అన్నరు. దీన్ని కంటిన్యూయింగ్ మాండమస్ అంటరు. ఈ ఆయుధం వాళ్లకు యాడ దొరికిందనుకున్నరు? మన ఢిల్లీల. హవాలా డైరీల లీడర్ల పేర్లున్నా సీబీఐ కదలకపోతే వినీత్ నారాయణ్ అనే జర్నలిస్టు కేసేసిండు. ఆ కేసుల మన సుప్రీంకోర్టు పట్టిన పద్ధతే ఇది. తీర్పు 1997 డిసెంబర్ 18న వచ్చింది. సరిగ్గ 11 ఏండ్లకు, అదే తారీఖున, మనీలా కోర్టు దాన్ని పేరు పెట్టి చెప్పుకున్నది. 2010ల పర్యావరణ కేసుల నియమాలల్ల కూడ చేర్చుకున్నది.

మరి అఖాతం బాగయ్యిందా? పూర్తిగ కాలే. రిపోర్టులు సక్కగ రాక 2011ల కోర్టు మళ్ల గడువులు పెట్టాల్సొచ్చింది. 2019 జనవరిల వేల మంది జనం చెత్త ఏరనీకి దిగిన్రు. మనీలా జూ నుంచి మురుగు దిగుతున్నదని దాన్ని కొన్నాళ్లు మూసిన్రు. గది మంచిదే. 2020ల మాత్రం ఒడ్డున డోలమైట్ రాయి పొడి పోసి తెల్లటి బీచ్ చేసిన్రు, ఆ ప్రాజెక్టు మొత్తం దాదాపు 39 కోట్ల పెసోలు. మురుగు మురుగు లెక్కనే ఉన్నది, పైన పౌడర్ రాసినట్టు. మన కాడ చెరువుకు కట్ట మీద రంగు లైట్లు పెట్టి సుందరీకరణ అంటరు సూడు, గా బాపతే.

ఇంకో గోస ఏందంటే, నీళ్లు శుభ్రం చెయ్యమన్నారు గానీ, అదే అఖాతాన్ని మట్టితోని పూడ్చి ప్లాట్లు, ఎయిర్‌పోర్టు చేసుడు ఆగలే. చేపలు పట్టేటోళ్ల ఇండ్లు పోయినయ్. 2023 సెప్టెంబర్ల పూడ్చుడుకు ఎదురు నిలిచిన ఇద్దరు ఆడపిల్లలు మాయమైన్రు. వాళ్లంతట వాళ్లే లొంగిపోయిన్రని చెప్పనీకి సర్కారోళ్లు ప్రెస్‌మీట్ పెడితే, మైకు ముంగటనే “మమ్మల్ని సైన్యం ఎత్తుకపోయింది” అన్నరు ఆ బిడ్డలు. తరువాత సుప్రీంకోర్టు వాళ్లకు రక్షణ ఇచ్చింది.

ఇగ మన కాడికొస్తే, నదులు, చెరువుల కేసులకు జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉన్నది. మనకు చెన్నై బెంచి. నష్టపరిహారం అడగకుంటే ఫీజు 1,000 రూపాయలే. గడువు మాత్రం గట్టిది: సంగతి మొదలైన నాటి నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అందుకే స్టేటస్ పెట్టే ఫోటోలల్ల తారీఖు, జాగ కనబడేటట్టు తీయండ్రి. నీళ్ల పరీక్ష కోసం కాలుష్య నియంత్రణ మండలికి రాసి అర్జీ పెట్టండ్రి, ముద్ర వేసిన నకలు దాచుకోండ్రి.